సత్రం పెద్దమ్మ మాట మానేసిన వైనం

నంద్యాల చరిత్ర రాసిన పెద్దలు నవనందుల గురించి రాశారు, నవాబుల గురించి రాశారు, కుందూ నదికి వరదలొచ్చిన సంవత్సరాల గురించి కూడా ఓపిగ్గా రాశారు. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మద్దయ్య, ఖాకీ చొక్కా విప్పకముందే టీవీ ముందు కూర్చుని, తెర మీది సత్రం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, అక్కడ పొయ్యి దగ్గర నిలబడ్డ ముసలామెను పలకరించే ఆచారం గురించి మాత్రం ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఈ ఆచారం ఎప్పుడు మొదలైందో చెప్పడానికి శాసనాలు లేవు. ఉన్న సాక్షి ఒక్కడే, మేనల్లుడు ప్రతాప్. వాడు హైదరాబాదులో ఉద్యోగం దొరికి పోతూ పోతూ తన గేమ్ డబ్బాను మామ ఇంట్లో పెట్టి, "ఊరికే దుమ్ము పడుతుంది గానీ ఆడుకో మామా" అన్న రోజే ఆ యుగానికి ఆరంభమని పండితులు భావించవచ్చు.

మద్దయ్య కండక్టరు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు, ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు తిరిగే పల్లెవెలుగు బస్సులో పద్దెనిమిదేళ్ళుగా నిలబడి ఉన్నాడు. చక్రాలు తిరిగిన దూరం కొలిస్తే భూమిని ఎన్నోసార్లు చుట్టి వచ్చినవాడే గానీ, మనిషి ఎక్కడికి పోయాడని అడిగితే చెప్పడానికి ఆళ్ళగడ్డ తప్ప ఇంకో ఊరు లేదు. చరిత్రలో బీఏ చదివాడు. పెళ్ళి సంబంధాలు కొన్నాళ్ళు వచ్చాయి, ఆ తర్వాత రావడం మరిచిపోయాయి. తల్లి బయ్యమ్మ పోయి మూడేళ్ళయింది. ఆమె ఉన్నన్నాళ్ళు అతను గడపలో చెప్పులు విడిచే చప్పుడికే లోపల్నుంచి ఒక కేక వినపడేది: "వచ్చినావా నాయనా? యాడ తిరిగినావ్ ఇంతసేపు?" పాతిక మైళ్ళ అవతలికి పోయి అదే దోవన వెనక్కొచ్చే మనిషిని యాడ తిరిగినావని అడగడంలో అర్థం లేదు. అయినా అడిగేది. మద్దయ్య జవాబు చెప్పేవాడు కాదు. ఇప్పుడు చెప్పులు విడిస్తే చెప్పులు విడిచిన చప్పుడే వినిపిస్తుంది.

ఆట సంగతి కొంత చెప్పాలి. అదొక పెద్ద రాజ్యం. కొండలు, అడవులు, మంచు, సముద్రం, కూలిపోయిన కోటలు. దానిమీదికి ఒక రెక్కల సర్పం వచ్చి పడింది, లోకాన్ని కాపాడవలసిన వీరుడివి నువ్వేనని ఒక గడ్డం మునీశ్వరుడు మొదటి రోజే మద్దయ్యకు చెప్పాడు. పై అధికారులు చెప్పిన మాటను మద్దయ్య ఎన్నడూ కాదనలేదు, కానీ ఇది మాత్రం తొందరేమీ లేని పనిగా కనబడింది. ఎందుకంటే ఆ మునీశ్వరుడే చివర్లో ఇంకో మాటన్నాడు: ఏ దిక్కుకైనా పోవచ్చు. రూటు బోర్డు లేదు, టైము షీటు లేదు, దారి మధ్యలో బస్సెక్కి లెక్కలు చూసే తనిఖీ వాళ్ళు లేరు. దూరంగా కనబడే కొండ ఉత్త బొమ్మ కాదు, నడిస్తే దాని మీదికి చేరుకుంటావు. ఆ మాట విన్న పూట మద్దయ్యకు గుండెల్లో ఏదో గేటు తీసినట్టయింది. రిమోటు పట్టుకుని అలాగే కొంతసేపు ఊరికే నిలబడ్డాడు, ఆటలోనూ, ఇంట్లోనూ.

అంతటి స్వేచ్ఛ చేతికొచ్చాక అతను చేసిన పని ఏమిటంటే, రెండు ఊళ్ళ మధ్య ఒక మంచి రోడ్డు చూసుకుని, గుర్రమెక్కి, పొద్దున అటూ సాయంత్రం ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

పైగా దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపేవాడు. చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోవడం మద్దయ్య ఒంట్లో లేదు. ఆ రాజ్యంలో రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తేవాళ్ళు బందిపోట్లు మాత్రమేనని అర్థం కావడానికి అతనికి చాలా గుర్రాలు ఖర్చయ్యాయి. అర్థమైన తర్వాత కూడా ఆపుతూనే వచ్చాడు. ఈసారి నిజమైన ప్యాసింజరేమో, ఎవరు చెప్పొచ్చారు?

లోపాలు చూడలేదని కాదు. చూశాడు. కుండపోతగా వాన పడుతున్నా ఆ ఊళ్ళో ఏ ఆడమనిషీ దండెం మీది బట్టలు లోపలికి తీయదు. పిల్లలు పెరగరు. గుర్రం ఒక్కోసారి నిలువు గోడ ఎక్కి దిగడానికి దారి తెలియక అక్కడే ఉండిపోతుంది. ఊరి నడుమ దేవత విగ్రహానికి ఒక చేతికి ఆరు వేళ్ళు. ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కే షెడ్ల ముందు నుంచే రోజూ బస్సులో పోయే మనిషి అంత తేలిగ్గా దాన్ని క్షమించలేడు. అన్నిటికన్నా పెద్ద లోపం, మనుషులు. కమ్మరికి మూడు మాటలొచ్చు, కాపలావాడికి రెండు. సర్పం వచ్చి సగం ఊరు తగలబెట్టిన మర్నాడు కూడా కమ్మరి అదే నవ్వు నవ్వి కత్తులు పదునుగా ఉన్నాయనే అంటాడు. కాలిపోయిన ఇంటి గురించి ఎవ్వరికీ ఏమీ అనిపించదు.

ఒక్క సత్రం పెద్దమ్మ వేరు. ఆమెకూ నాలుగే మాటలు. కానీ మొదటి మాట ఏమిటంటే, తలుపు తోయగానే ఇటు తిరిగి, చలికి ఎక్కడెక్కడ తిరిగి వచ్చావో పాపం అంటుంది. అంటుంది ఇంగ్లీషులోనే. అది టీవీ నుంచి మంచం దాకా వచ్చేసరికి మద్దయ్య చెవిలో రాయలసీమ తెలుగైపోయేది. అందుకే చొక్కా విప్పకుండా కూర్చునేది. డ్యూటీ నుంచి వచ్చినట్టు ఉండాలి గదా.

ఇట్లా సాగుతున్న రాజ్యంలో విపత్తు ఒక రొట్టె రూపంలో వచ్చింది. ఒకనాడు పెద్దమ్మ తన నాలుగో మాట అంది: కూర్చో, ఇది నీ ఇల్లే అనుకో. బల్ల మీద రొట్టె ఉంది, పక్కన గిన్నెలో ఏదో పులుసు. మన దిక్కున ఇంటావిడ అంత మాటన్నాక తినకుండా లేవడం ఆమెను అవమానించడమే, దానికి మన్నింపు లేదు. మద్దయ్య రొట్టె వైపు రిమోటు తిప్పాడు. దాని మీద ఎర్రటి చెయ్యి గుర్తొకటి వెలిగింది. చెయ్యి కడుక్కోమని అనుకున్నాడు. పక్కనున్న తొట్టి దగ్గరికి పోయి నిజంగానే కాసేపు నిలబడి, మర్యాదగా తిరిగొచ్చి, రొట్టె తిన్నాడు.

అది దొంగతనం గుర్తు. పెద్దమ్మ "దొంగ! దొంగ!" అని అరిచింది. రెండు మాటల కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. మద్దయ్య జైల్లో పడి బయటికొచ్చి, నేరుగా సత్రానికి పోయి తలుపు తోస్తే, పెద్దమ్మ ఇటు తిరిగి, దొంగలతో నాకు మాటల్లేవని మొహం తిప్పుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నంద్యాలలో ఒక మనిషి ఖాకీ చొక్కాతో మంచమ్మీద కూర్చుని, "నువ్వే గదమ్మా నీ ఇల్లనుకోమంటివి" అని టీవీతో అన్నాడు.

ఆళ్ళగడ్డ బస్టాండులో టీ తాగుతూ డ్రైవరు యెషయా అడిగాడు. "ఏందప్పా, నాలుగు దినాలనుంచి మొహం ఎండేసిన పండుమిరక్కాయ మాదిరి పెట్టినావ్?"

మద్దయ్య చెప్పాడు, మొదటి నుంచీ, రొట్టెతో సహా.

యెషయా టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అంటే టీవీలో ముసల్ది నీతో మాట్లాడ్తాల్యా."

"ఊఁ."

"నా పెండ్లాము నాతో మాట్లాడక వారమాయె. నేను సుఖంగా ఉండా. నువ్వేందన్నా, బొమ్మ అలిగిందని ఏడుస్తాండావ్?"

"ఏడ్చల్యా."

"ఏడుస్తాండావ్. ఇంకోటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ఆ రొట్టె బాగుండెనా?"

"రుచి తెలీదు గదప్పా ఆటలో."

"రుచి గూడా తెలీని రొట్టెకు జైలుకు పోయినావా!" యెషయా పక్క బస్సు డ్రైవర్లను పిలిచి మరీ నవ్వాడు. బస్సు తీసే టైమయ్యేదాకా నవ్వి, బస్సెక్కాక అద్దంలో చూస్తూ, "రేపు మా ఇంటికి రా, రొట్టె పెడతా. దొంగ అనం లే" అన్నాడు. ఇంటికి రమ్మని యెషయా ఏడాదికోసారి అంటాడు, మద్దయ్య ఏడాదికోసారి చూద్దాంలే అంటాడు. ఈసారీ అన్నాడు.

ప్రతాప్‌కు ఫోన్ చేస్తే వాడు ఆఫీసులో ఉన్నాడు. "మామా, పాత సేవ్ తెరువు. రొట్టె తినకముందు దాచిపెట్టిన ఆట. అంతే, ఏమీ జరగనట్టే."

"జరిగింది గదరా."

"ఆటలో మామా!"

"ఆమెకు తెలీకపోతే మాత్రం? నేను తిన్నది నాకు తెలుసు గదా. ఇంకో దోవ ల్యాదా?"

ఇంకో దోవ ఉంది. ఉత్తరాన మంచు కొండ కొమ్మున ఒక నీలం పువ్వు పూస్తుంది, దాన్ని తెచ్చి ఇస్తే పెద్దమ్మ మన్నిస్తుంది. కాకపోతే ఆ కొండ మీద భల్లూకాలు, మంచు పిశాచాలు, ఇంకా పేరు పెట్టని కొన్ని. రెండూళ్ళ మధ్య తిరగడం తప్ప ఏ విద్యా నేర్వని వీరుడికి అది చావు దోవ. "ఊరికే వదిలెయ్ మామా, ఆమె ఉత్త సత్రం మనిషి, కథలో ఆమెకేం పన్లేదు" అన్నాడు ప్రతాప్.

మద్దయ్య డిపోలో సెలవు అడిగాడు. ఎన్నడూ సెలవు పెట్టని మనిషి పెడితే అధికారులు కూడా కంగారు పడతారు. కారణమేందని అడిగారు. "పెద్దమ్మకు బాగల్యా" అన్నాడు. అబద్ధం ఆడినట్టు అతనికి అనిపించలేదు.

ఆ దండయాత్ర వివరాలు అన్నీ రాస్తే గ్రంథమవుతుంది. ఎలుగుబంటి చేతిలో పోయాడు, లోయలో పడి పోయాడు, చలికి పోయాడు, ఒకసారి తన గుర్రమే కొండ మీంచి తన మీద పడి పోయాడు. పోయినప్పుడల్లా కొండ కింద లేచి మళ్ళీ ఎక్కాడు. మధ్యాహ్నం వండుకోలేదు, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు. మూడో రోజు సాయంత్రానికి కొమ్ముకు చేరాడు. ఆట తయారుచేసిన మహానుభావులు అక్కడ తమ ప్రతాపమంతా చూపించారు. కింద రాజ్యమంతా పరుచుకుని ఉంది. పొద్దు మునుగుతోంది, మంచు మీద కుంకుమ కలిపిన పాల రంగు. తను తిరిగే రోడ్డు సన్నటి దారంలా కనిపించింది. చిన్నప్పుడెప్పుడో ఆత్మకూరు దిక్కున నల్లమల ఘాట్ మీద బస్సు చెడిపోతే, అమ్మా తనూ రోడ్డు పక్క రాయి మీద కూర్చుని చూసిన పొద్దు తర్వాత అంతటి పొద్దు అతను చూడలేదు.

"చూడు" అని పక్కకు తిరిగాడు. పక్కన దిండు ఉంది.

పువ్వు కోసి కిందికి దిగాడు. దారిలో ఒకడు చెయ్యెత్తాడు. జీవితంలో మొదటిసారి మద్దయ్య ఆపలేదు.

సత్రం తలుపు తోశాడు. పువ్వు ఇచ్చాడు. పువ్వు మాయమైంది, తెర మీద ఏవో రెండు ముక్కలు మెరిశాయి, పెద్దమ్మ ఇటు తిరిగింది. చలికి ఎక్కడెక్కడ తిరిగి వచ్చావో పాపం, అంది.

మద్దయ్య ఈసారి జవాబు చెప్పాలనుకున్నాడు. చెప్పాడు కూడా. కొండ గురించి, ఎలుగుబంటి గురించి, కుంకుమ కలిసిన పాల రంగు గురించి, నిండు తెలుగులో, ఖాళీ ఇంట్లో. పెద్దమ్మ శ్రద్ధగా వింటున్నట్టే నిలబడింది. మాట ముగించి మద్దయ్య ఎదురుచూశాడు. అంతలో వెనక తలుపు తెరుచుకుని, తనను జైల్లో వేసిన కాపలావాడు లోపలికి వచ్చాడు. పెద్దమ్మ అతని వైపు తిరిగి, చలికి ఎక్కడెక్కడ తిరిగి వచ్చావో పాపం, అంది. వాడు ఎక్కడా తిరగలేదు. వాడి డ్యూటీ సత్రం గుమ్మం ముందే.

మద్దయ్య రిమోటు మంచమ్మీద పెట్టి, సెలవులోనూ తొడుక్కున్న ఖాకీ చొక్కా విప్పి, కొక్కేనికి తగిలించాడు.

మర్నాడు బస్సు కిటకిటలాడుతోంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితమైనప్పటి నుంచీ అంతే, కాలు పెట్టే చోటు ఉండదు. నంద్యాలలో ఎక్కినవాళ్ళెవరూ మూడు రోజులు ఈ మనిషి కనబడలేదన్న సంగతి గమనించినట్టు లేదు. యెషయా మాత్రం అద్దంలో చూసి, "ముసల్ది మాట్లాడిందా?" అన్నాడు. "మాట్లాడింది" అన్నాడు మద్దయ్య. యెషయాకు నవ్వబుద్ధి కాలేదు.

శిరివెళ్ల దగ్గర కూరగాయల గంపతో ఒకామె ఎక్కింది. పేరు జీవమ్మ. ఎన్నో ఏళ్ళుగా ఎక్కే మనిషే. గంప దింపుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, మద్దయ్యను చూసి నిలబడిపోయింది.

"యాడికి పోయినావప్పా ఇన్ని దినాలు?"

మద్దయ్య చేతిలో టికెట్ మిషను ఆగింది. బస్సంతా ఒక్క క్షణం చప్పుడు తగ్గినట్టనిపించింది, నిజానికి తగ్గలేదు. "ఈడనే..." అన్నాడు. "పెద్దమ్మకు బాగల్యా."

"అయ్యో. ఇప్పుడెట్లుంది?"

"బాగుంది. మాట్లాడ్తాంది."

"అంతే సాలు. నువ్వు ల్యాకుంటే శానా కష్టమాయె పో. రోజూ అనుకుంటి, ఆయప్ప ఎప్పుడొస్తాడో, ఎప్పుడొస్తాడోనని."

మద్దయ్య చెప్పబోయాడు. కొండ గురించి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని చూశాడు.

"నీ బదులొచ్చిన ఆ కొత్తాయప్ప జిరాక్సు ఒప్పుకోడప్పా" అంది జీవమ్మ, జాకెట్లోంచి మడతలు పడిన కాగితం తీస్తూ. "అసలు ఆధారే కావాలంట."

కాగితం మీది ఫోటో పూర్తిగా నల్లబడిపోయి ఉంది. మద్దయ్య దాన్ని చూసి, ఉచిత టికెట్ కొట్టి ఇచ్చాడు.