కూడిక రాని పలక

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఎవరైనా లెక్క అడిగితే ఫోన్ తీసి మీటలు నొక్కుతాను గానీ, జవాబు అందులో చూడను. అప్పటికే మనసులో తేలిపోయి ఉంటుంది. ఉత్త నోటితో చెబితే "ఎందుకైనా మంచిది, ఒకసారి ఫోన్‌లో చూడు" అంటారు. ఫోన్ పట్టుకుని చెబితే మారు మాట్లాడరు. నలుగురిలో వాదించే ధైర్యం నాకు లేదు. అందుకే ఆ గాజుముక్క వెనక నిలబడటం అలవాటు చేసుకున్నాను.

మా బాబాయి రాయచూరులో ఉద్యోగం చేస్తాడు. కిందటి నాట్లప్పుడు మా ఊరు గోరేబాళ వస్తూ కొత్త ట్యాబ్ తెచ్చాడు. దాని ధర ఊరి మొదట్లో ఎత్తుకుని మా గుమ్మం దాకా చెప్పుకుంటూ వచ్చాడు. ఇక్కడ మా నారు పసుపెక్కి పోయింది. కాలవలో నీళ్ళుండగానే నాటకపోతే నాన్నకి ఆ పంట లేనట్టే. మట్మారి నుంచి వచ్చి మా పక్కన సేద్యం చేసే పెద్దాయన దగ్గర నారు మిగిలిందని తెలిసి ముగ్గురం ఆయన గట్టు మీదికి వెళ్ళాం.

"ఎన్నెకరాలకు కావాలో ఒక్క మాట చెప్పుండ్రి. మీకు పోంగ మిగిలింది జాలహళ్ళోళ్ళు ఎత్తుకపోతరు. టెంపో తెచ్చి నిలబెట్టిన్రు" అన్నాడాయన.

మా పొలం మూడు ముక్కలు. నాన్న ఏ ముక్క ఎంతో రాసి ఉండే పహణీ కాగితాలు తీశారు.

"ఉండన్నయ్యా, చిటికెలో తేలిపోద్ది" అని బాబాయి ట్యాబ్ తెరిచాడు.

తేలలేదు. అంత ఖరీదైన వస్తువులో కాలిక్యులేటర్ లేదు. బొమ్మలు గీయడానికి ఉంది, నిద్రపట్టడానికి వాన చప్పుడు వినిపించే ఏర్పాటుంది, కూడటానికి మాత్రం లేదు. పెద్దాయన చొక్కాజేబులోని పాత మీటల ఫోన్‌లో కూడా ఉండేదే అది.

"డౌన్‌లోడ్ చేసుకోవాలంతే. నీ ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టవే" అన్నాడు బాబాయి.

కాలిక్యులేటర్ ఉన్న ఫోన్ నుంచి నెట్ తీసుకుని, లేని ట్యాబ్‌లోకి కాలిక్యులేటర్ దింపుకోవాలన్నమాట. పెట్టాను.

వెతికితే తెర నిండా యాప్‌లు కనిపించాయి. మొదటిది కొన్నాళ్ళు ఉచితమట, తర్వాత వారం వారం చందా కట్టాలి. రెండోది బాబాయి ఎక్కడున్నాడో, ఆయనకు తెలిసినవాళ్ళెవరో చూస్తానంది. మూడు అంకెలు కలపడానికి మా చుట్టాల నంబర్లు దానికెందుకో. నెట్‌లో వెతికే చోటే అంకెలు కొడితే జవాబు వస్తుందని నాకు తెలుసు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చివరికి ట్యాబ్‌తో ఇంగ్లీషులో మాట్లాడాడు. అది ఆ రోజు వాన పడదని చెప్పింది.

"ఏంది సార్, మీ పలకకు ఇంక కూడిక రాలేదా? జల్దీ కానీండ్రి."

ఆఖరికి నాలుగు మీటలకొక రమ్మీ ప్రకటన చూపించే యాప్ ఒకటి లొంగింది. ప్రకటనలన్నీ ఓపిగ్గా మూసుకుంటూ కాగితంలో ఉన్నట్టే కొట్టాడు. 1.25, 0.30, 1.20.

"రెండు పాయింట్ డెబ్బై ఐదు. అంటే రెండుముప్పావు ఎకరాలు. చెప్పెయ్ అన్నయ్యా."

కోస్తా నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో పొలాన్ని సెంట్లలోనే అనుకుంటారు. నూరు సెంట్లు ఎకరం. ఇక్కడి కాగితాల్లో చుక్క తర్వాత ఉండేవి గుంటలు. నలభై గుంటలకే ఎకరం నిండిపోతుంది. యాప్‌కి ఆ సంగతి తెలియదు, తెలియనవసరమూ లేదు. పహణీలు చూస్తూ పెరిగిన మనిషికి తెలియాలి. కానీ నాన్న అప్పటికే పెద్దాయన వైపు తిరిగారు. ఎకరానికి పైగా బురద అలాగే మిగిలిపోయేలా ఉంది.

ఫోన్ తీసి ఏవో మీటలు నొక్కాను.

"నాన్నా, మూడెకరాల ముప్పై ఐదు గుంటలు."

"అంత పెద్ద ట్యాబ్ తప్పు చెబుద్దేంటే?" అన్నాడు బాబాయి.

"చుక్క తర్వాతవి గుంటలు బాబాయ్. డెబ్బై ఐదు గుంటల్లో ఇంకో ఎకరం ఉంది."

నాన్న నా మొహం చూడలేదు. నా చేతిలోకి చూశారు. "అందులో అలాగే వచ్చిందా?"

"ఆఁ."

"అయితే నాలుగెకరాలకి పీకించండి" అన్నారు పెద్దాయనతో.

మర్నాడు సాయంత్రానికి మురుగుకాలవ పక్క ముక్క కూడా పచ్చబడింది. గట్టు మీద నాలుగు కట్టలు మిగిలాయి. గుంటల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రాయచూరు బయల్దేరే ముందు బాబాయి ట్యాబ్ పట్టుకుని, ఎవరూ లేకుండా చూసి నా దగ్గరికొచ్చాడు.

"నీ ఫోన్‌లో ఉన్నది మంచి యాప్‌లా ఉందే. చందా కట్టేదైనా పర్లేదు, నాకూ అదే ఎక్కించు."