నాగరత్నక్క తిప్పిన నిలువుటద్దం

ఈ ఉదయం మా రిసెప్షన్‌లో ఎవరో నిమ్మగడ్డి నూనె సీసా ఒలకబోశారు. ఆ వాసన తగిలితే నాకు నాగరత్నక్క గుర్తొస్తుంది; గదులు తుడిచే నీళ్ళలో ఆమె అదే కలిపించేది. కాబట్టి ఒక మహాకావ్యం చెబుతాను, వినండి: ఒక కొండ, మరణానికి దగ్గరైన ఒక పెద్దాయన, యజమాని ఆజ్ఞను ధిక్కరించిన ఒక వీరవనిత. అంత లేదు లెండి. ఒక మంచం, ఒక అద్దం, అంతే.

తిరుచానూరు దాటాక ఉన్న మా విల్లాలను ఓనరు ఏదో సముద్రతీరపు పాత ఊరి బంగళాల నమూనాలో కట్టించాడు. నీలం తలుపులు, ఎర్ర పెంకులు, కొబ్బరిచెట్లు అన్నీ దిగాయి. సముద్రమే రాలేదు, దాని బదులు ఈతకొలను తవ్వించాడు. నాగరత్నక్క అక్కడ మేనేజరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఈ వైభవమంతా ఒక కుటుంబానికి వర్ణిస్తుంటే పక్కకు పిలిచింది. "వాళ్ళు కొండ దిగి వచ్చినారప్పా, కాళ్ళు లాగతా ఉంటాయి. ముందు నీళ్ళియ్యి. నీ సముద్రం తర్వాత సూపిద్దువులే" అంది.

ఒక సాయంత్రం ఐరాల నుంచి ఒక రైతును కొడుకు అంబులెన్సులో తెచ్చాడు. ఆసుపత్రివాళ్ళు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారట. వెన్ను దెబ్బతింది; లేవలేడు, మెడ కూడా తిప్పలేడు. తిరుమల కొండ ఎక్కడం ఇక కుదరదు గనుక, ఒక్కసారి కంటితో చూసి పోవాలని పెద్దాయన కోరిక. గదికి కొండవైపు పెద్ద కిటికీ ఉంది. మంచమే అడ్డంగా ఉంది: వెల్లకిలా పడుకుంటే కిటికీ పక్కకు పోతుంది, ఆయనకు గోడే కనిపిస్తుంది. నేను చురుగ్గా మంచం తిప్పబోయాను.

"కాళ్ళు సామి పక్క పెట్టి పండుకోమంటావా? దానికన్నా సూడకనే పోతా" అన్నాడాయన, కళ్ళు మూసుకొని.

తల అటు పెడితే ఉత్తర దిక్కవుతుంది. పైగా ఏమీ కనబడదు. కొడుకు వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి.

హాల్లో ఓనరు ప్రాణంగా చూసుకునే పాతకాలపు నిలువుటద్దం ఉంది. దాన్ని తాకినవాడి ఉద్యోగం పోతుందని అందరికీ చెప్పి ఉంచాడు. అక్క దాని ఒక కొస పట్టుకొని నావైపు చూసింది.

"అక్కా, అద్దంలో సూస్తే పుణ్యం తిరగబడదా?"

"తిరగబడితే నీకొస్తాదిలే. నోరు మూసుకోని పట్టు."

అద్దాన్ని ఆయన కాళ్ళవైపు గోడకు ఏటవాలుగా ఆనించాం. నిలబడ్డ మాకు కొండ దివ్యంగా కనబడుతోంది. ఆయనకు మాత్రం మా పైకప్పు కనబడుతోంది. అప్పుడు అక్క గంజిపెట్టిన చీరతోనే మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన దిండు మీద, ఆయన తల పక్కనే తన తల ఆనించింది. "ఇంకొంచెం ఇట్ల. కిందికి. ఆ, ఆడ పెట్టు."

నేను అద్దాన్ని ఇంకాస్త కిందికి వంచి పట్టుకున్నాను.

"కనిపిస్తాందా నాయనా?"

"కనిపిస్తాంది తల్లీ. మెట్ల దీపాలు పెట్టినారు."

ఆయన చేతులు రెండూ దగ్గరకు వచ్చాయి.

ఓనరు ఆమెను పంపించేశాడని రాస్తే కథ రక్తి కట్టేది. ఆయన అద్దానికి గీత పడలేదని చూసుకొని ఊరుకున్నాడు. కొన్నాళ్ళకే పెద్దాయన పోయాడని కొడుకు ఫోన్ చేశాడు. పోయిన వానాకాలం నాగరత్నక్క కూడా పోయింది, వంటింట్లో బీన్స్ తరుగుతూ, ఎవరికీ ఏ పనీ చెప్పకుండా.

ఇప్పుడు తాళాలు నా దగ్గర ఉన్నాయి. ఎవరికి గది ఇచ్చే ముందైనా, వాళ్ళ తల ఉండబోయే చోట నా తల పెట్టి ఒకసారి చూస్తాను. ఆ తర్వాత దిండు గలీబు మార్చాలి. లాండ్రీ బండి మంగళ, శుక్రవారాల్లోనే వస్తుంది.