మేస్టారి సీటు

ఆ ఆటోలో నేను మొదటిసారి కూర్చున్నప్పుడు ఎవరూ నన్ను వద్దనలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. మా వైపు ఆటోల్లో సీటు దగ్గర మొహమాటాలుండవు. జరగమంటే జరగాలి, జరక్కపోతే మీద కూర్చుంటారు. అలాంటిది ఎడమ చివర సీటు ఖాళీగా ఉంటే నేను ఎక్కి కూర్చున్నాను, అందులో ఉన్న ముగ్గురూ నా వైపు చూసి, తర్వాత ఒకరి వైపు ఒకరు చూసుకుని, ఊరుకున్నారు.

నాది నెల్లిమర్ల. జూటు మిల్లు కూత విని నిద్రలేచిన బతుకు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి ఒక పరిశోధన పని మీద వెళ్ళాను. అక్కడి కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. డయాలసిస్ ఉచితమే. ఉచితంగా దొరికేదానికి మనిషి ఎంత ఖర్చు పెట్టుకుంటున్నాడు, పెట్టుకున్నాక ఎంత బాగున్నాడు అన్నది మా సంస్థ పెద్దవాళ్ళకి తేల్చాలనిపించింది. దారి ఖర్చు, తోడొచ్చిన మనిషి పోగొట్టుకునే కూలి, ఇంటికెళ్ళాక మంచం దిగలేని రోజులు, ఇవన్నీ అడిగి ట్యాబులో నింపాలి. అడిగితే జనం మర్యాదకి తగ్గించి చెబుతున్నారని, వాళ్ళతోపాటే తిరిగి చూడమన్నారు. అందుకని ఆ ఊళ్ళో ఒక గది తీసుకుని ఉన్నాను.

తెల్లవారుతుండగా ఆటో డయాలసిస్ సెంటరుకి బయల్దేరేది. జీడితోటల్లో మంచు ఇంకా నేలమీదే ఉండేది. వెనక సీట్లో నా పక్కన ఒక పెద్దావిడ, ఆవిడ పక్కన కిరాణా కొట్టు షావుకారు. ఎదురుగా చెక్క మీద కొబ్బరి తోటలో పనిచేసే ఆయన, ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉండేవాడు. ముగ్గురికీ పొద్దున్నే ముఖాలు ఉబ్బి ఉండేవి. తోలేది ఆ పెద్దావిడ మేనల్లుడు. నలభై దాటాయి, బాగా నవ్వే మనిషి.

మొదటి రోజు ఊరి చివర పెంకుటింటి ముందు ఆటో ఆపి అతను హారన్ కొట్టాడు. ఇంకెవరో ఎక్కుతారని నేను సర్దుకున్నాను. గేటు దగ్గరికి ఒకావిడ వచ్చింది. బొట్టు లేదు. ఎక్కలేదు. నన్ను చూసింది. నేను కూర్చున్న చోటు వైపు చూసింది. గేటు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆటో కదిలింది.

"ఎవరండీ ఆవిడ?" అన్నాను.

"మేస్టారి భార్య" అంది పెద్దావిడ. "మొన్న వానల్లో పోయేడు మేస్టారు. నువ్వు కూకున్నది ఆయన సీటు."

నేను లేవబోయాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపేసింది. చెయ్యి చల్లగా ఉంది.

"కూకున్నావు కదా. ఇంక లెగకు."

తర్వాత కొద్దికొద్దిగా తెలిసింది వాళ్ళ పద్ధతి. ఆ ఆటోలో ఎవరైనా పోతే ఆ సీటు ఖాళీగా ఉంచుతారు. ఊళ్ళో కొత్తగా జబ్బు బయటపడిన మనిషి వచ్చి కూర్చునేదాకా పోయినవాళ్ళ ఇంటి ముందు హారన్ కొట్టడం మానరు. బాగున్నవాళ్ళు అందులో కూర్చోరు. ఖాళీ సీటు పిలుస్తుందని వాళ్ళ భయం.

"మరి నన్నెందుకు కూర్చోనిచ్చారు?" అని షావుకార్ని నిలదీశాను. నాకు కోపం త్వరగా వస్తుంది, దాచుకోవడం చేతకాదు.

"నీలాంటి బాగున్న మనిసి, అందులోనూ పైఊరి మనిసి కూకుంటే దానికి నోరు మూతపడతాదమ్మా, కొన్నాల్లు" అన్నాడాయన, సరుకు నాణ్యం గురించి చెబుతున్నంత మామూలుగా. "ఊల్లోవోల్ని పిలవదు."

"నన్ను పిలిస్తే?"

"నీకేటమ్మా, సదువుకున్నావు. నమ్మవు కదా."

నమ్మనని గట్టిగానే చెప్పాను. చెప్పి ఆ వారంలోనే టౌనుకెళ్ళి రక్తపరీక్ష చేయించుకున్నాను. అంతా సవ్యంగా ఉందని కాగితం వచ్చాక కూడా పడుకునే ముందు కాళ్ళు నొక్కి చూసుకునేదాన్ని, వేలు దిగబడుతుందేమోనని. నవ్వొచ్చే సంగతే, కానీ అప్పుడు నవ్వు రాలేదు. ఆ సీటులో కూర్చున్నంతసేపూ నా ఎడమ భుజం పక్కన గాలి తప్ప ఏమీ లేకపోయినా, అటు తిరిగి చూడాలంటే భయమేసేది. మేస్టారి ఇంటి ముందు హారన్ వెళ్ళిన ప్రతిసారీ మోగేది. ఆవిడ మళ్ళీ గేటు దగ్గరికి రాలేదు. తలుపు వెనక మనిషి నిలబడిన అలికిడి మాత్రం తెలిసేది.

సెంటర్లో వాళ్ళని మిషన్లకి తగిలించాక నేనూ డ్రైవరూ బయట రేకుల షెడ్డు కింద కూర్చునేవాళ్ళం. అతను టీ తాగుతూ జేబులోంచి మాత్ర తీసి వేసుకునేవాడు. నడుం నొప్పికట. గతుకుల్లో ఆటో తోలి తోలి నడుం పట్టేసిందని, మందుల షాపువాడు ఇచ్చాడని చెప్పాడు. మధ్యాహ్నం మళ్ళీ ఒకటి. ఆ నొప్పి మాత్రలు కిడ్నీలకి ఎంత చేటో ఉద్దానంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అతనికి తెలియదనుకోను. నేను చూసింది ఇంకొకటి కూడా ఉంది. చెప్పు పట్టీ విప్పినప్పుడు పాదం మీద దాని అచ్చు లోతుగా పడి, ఎంతకీ పోయేది కాదు.

నాకు చెప్పే హక్కు లేదు. పని మొదలుపెట్టిన రోజే మా సూపర్‌వైజరు తేల్చేశాడు. "మీరు చూడ్డానికి వెళ్తున్నారు, చెప్పడానికి కాదు. సలహాలిస్తే జనం పద్ధతి మారిపోతుంది, డేటా పాడైపోతుంది" అన్నాడు. డేటా పాడవడం అంటే ఆయనకి పాలు విరిగినంత బాధ. నేనూ తలూపాను.

కానీ ఆటోలో ఉన్నవాళ్ళు? వాళ్ళకి ఏ సూపర్‌వైజరూ లేడే. ఒకళ్ళ ముఖం చూసి ఒకళ్ళు జబ్బు ఎంతవరకూ వచ్చిందో చెప్పగలిగిన మనుషులు, రోజు విడిచి రోజు అతని వెనకే కూర్చుని వెళుతున్నారు. ఒక్కరు నోరు తెరవరు. అతను టీ గ్లాసు పట్టుకుని వస్తే షావుకారు ముఖం తిప్పుకునేవాడు. పెద్దావిడ కొంగు సర్దుకునేది. ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఆయన ఇంకా గట్టిగా మూసుకునేవాడు. అంతమంది కలిసి ఒక మనిషిని చూడకుండా ఉండటం నేను ముందెన్నడూ చూడలేదు.

ఒకరోజు మిషన్ మీద ఉన్న పెద్దావిడ నన్ను లోపలికి పిలిచింది. గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. ఆవిడ గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆడి కాళ్ళు సూసేవా?"

"చూశాను. మీ మేనల్లుడే కదా, మీరు చెప్పొచ్చు కదా."

"నాను సెప్పకూడదు. ఈ బెడ్డు మీదున్నోలు ఎవుల్నైనా పరీచ్చ సేయించుకోమంటే, పిలిసినట్టే. మేస్టారికి నానే సెప్పేను. ముకం ఉబ్బినాది బాబూ, ఒకపాలి సూపించుకో అన్నాను. సూపించుకున్నాడు. వొచ్చి నా పక్కన కూకున్నాడు. పోయేడు. నానే పిలిసేనమ్మా ఆయన్ని. ఈడ్ని పిలవలేను. నా తమ్ముడి కొడుకు."

మేస్టారు ఆలస్యంగా చూపించుకున్నాడు కాబట్టి పోయాడు, మీ మాట వల్ల కాదు అని నాకు వచ్చిన భాషలో చెప్పాను. ఆవిడ వింది. నమ్మలేదు.

"నువ్వు బెడ్డు మీద నేవు. పైఊరి దానివి. నువ్వు సెప్తే పిలిసినట్టు కాదు" అంది. "అందుకే నిన్ను లెగొద్దన్నాను తల్లీ. ఈ మాట సెప్పడానికొక మనిసి ఉండాల."

నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ఇన్నాళ్ళూ నేను వాళ్ళని గమనిస్తున్నాననుకున్నాను, వాళ్ళేమో నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టుకుని ఎదురుచూస్తున్నారు. బయటికి వచ్చి సూపర్‌వైజరుకి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ఆటో డ్రైవరా? అతను మన శాంపిల్లో లేడు కదా!" అన్నాడాయన.

నిజమే. మా ప్రశ్నల్లో ఆటో ఛార్జీ ఉంది, ఆటో తోలే మనిషి లేడు. లేని మనిషికి రూలు కూడా ఉండదని నిర్ణయించుకుని ఫోన్ పెట్టేశాను. ఆయన ఉద్దేశం అది కాదని నాకు బాగా తెలుసు.

డ్రైవరు షెడ్డు కింద మాత్ర రేకు చింపుతున్నాడు. ఎదురుగా నిలబడి, "ఆ మాత్ర వేసుకోకు. కాళ్ళు వాచాయి, రక్తపరీక్ష చేయించుకో" అన్నాను. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాదు.

అతను మాత్ర వైపు చూశాడు. నవ్వాడు.

"తెలుసమ్మా."

"తెలిసీ ఊరుకున్నావా?"

"అత్త నా కాళ్ళేపు సూడ్డం మానేసినాది. అప్పుడే తెలిసింది." మాత్రని కాలవలోకి విసిరేశాడు. "ఎవులో ఒకలు సెప్తారు, అప్పుడు ఆస్పత్రికెల్దారి అనుకున్నాను. సెప్పకపోతే జబ్బు నేనట్టే కదా."

ఆ రోజే రక్తం ఇచ్చాడు. కాగితం వచ్చిన రోజున డాక్టరు అతన్ని లోపల చాలాసేపు కూర్చోబెట్టాడు. డయాలసిస్ ముగించుకున్న ముగ్గురూ ఇంటికెళ్ళకుండా, నీరసంతో తూలుతూ, ఆటో పక్కన నిలబడే ఉన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. అతను వచ్చి చెప్పాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. మిషన్ ఇప్పుడే అక్కర్లేదు. నొప్పి మాత్రలు పూర్తిగా మానేసి, ఇచ్చిన మందులు తప్పకుండా వాడి, చెప్పినప్పుడల్లా చూపించుకుంటే చాలా ఏళ్ళు నెట్టుకురావచ్చు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. షావుకారు చేతులు జోడించి ఎటో దండం పెట్టాడు. పెద్దావిడ మాత్రం ఆటో లోపలికి చూస్తోంది.

"ఒరే, ఒకపాలి అందులో కూకోని లెగరా" అంది. "వొచ్చేడనుకుంటాది. ఇంక నీకోసం సూడదు."

ఇలాంటి తంతు అంతకుముందు ఉందో, ఆవిడకి అప్పుడే తోచిందో నాకు తెలియదు. నన్ను పక్కకి జరగమంది. జరిగాను. కాదనాలనిపించలేదు, పైగా అతను త్వరగా కూర్చుని లేచేస్తే బాగుండునని నేనూ కోరుకున్నాను. అతను వంగి లోపలికెక్కి, మేస్టారి సీట్లో కూర్చున్నాడు. వెనక్కి వాలి కాళ్ళు చాపుకున్నాడు. ముగ్గురూ బయట నిలబడి చూస్తున్నారు.

"లెగరా ఇంక" అంది పెద్దావిడ.

అతను లేవలేదు. ఎడమ చెయ్యి కమ్మీ మీద వేసి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇన్నేల్లు తోలేను అత్తా, ఎనక ఎప్పుడూ కూకోనేదు. ఇక్కడ గాలి బాగున్నాది."

ఆవిడ అతని చొక్కా పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.