ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒక మంచి దొర

మా అమ్మాయి పదకొండో తరగతి చదువుతోంది. ఈ టర్మ్‌లో వాళ్ళ హిస్టరీ టీచర్ ఒక పని ఇచ్చింది. బానిసత్వం మీద అమెరికాలో ఎప్పుడో తీసిన పాత టీవీ సీరియల్ ఒకటి చూడాలి. అది ఈ రోజుకీ నిలబడుతుందా లేదా అన్నది క్లాసు ముందుకెళ్ళి అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఆ సీరియల్ పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "నేనూ చూస్తా నీతో" అన్నాను. తను వద్దనలేదు. వద్దంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనిపించింది.

నేను దాన్ని మొదటిసారి చూసింది బ్రిస్బేన్‌లో, యూనిలో చదివే రోజుల్లో. సన్నీబ్యాంక్‌లో నలుగురం కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఒకడు లైబ్రరీ నుంచి డీవీడీలు తెచ్చాడు. కార్లు కడిగి కడిగి నడుములు పడిపోయి వచ్చి, పప్పన్నం కలుపుకుని తింటూ చూసేవాళ్ళం. కొరడా దెబ్బల దగ్గర నలుగురం ఏడ్చాం. "మన బతుకే రా ఇది" అన్నాడు ఒకడు. ఎవరూ కాదనలేదు. వీసా షరతులు, అరిచే మేనేజరు, అవే మాకు సంకెళ్ళు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నిజంగానే అలా అనుకున్నాం. ఆ తెరమీద దెబ్బలు తింటున్నవాడి పక్కన కాకుండా మేం ఇంకోచోట ఉండొచ్చన్న ఆలోచన నలుగురిలో ఒక్కడికీ రాలేదు.

ఇప్పుడు దేశానికి ఇంకో చివరనున్న కానింగ్ వేల్‌లో, మా ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నాలు సోఫాలో కూర్చుని మా అమ్మాయితో మళ్ళీ మొదలుపెట్టాను. బట్టలు మడతపెట్టుకుంటూ మా ఆవిడ మధ్యమధ్యలో చూసేది.

మొదటి గంటలోనే నా ఉత్సాహం సగం చచ్చింది. ముసలివాళ్ళయిన పాత్రలకు అతికించిన తెల్లగడ్డాలు అతికించినట్టే ఉన్నాయి. పొలాల్లో పనిచేసేవాళ్ళ బట్టలు ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టున్నాయి. ఏడుపుకి ముందే వయొలిన్లు మొదలవుతున్నాయి.

"నాన్నా, ద బియర్డ్ ఈజ్ కమింగ్ ఆఫ్" అంది మా అమ్మాయి.

"అది కాదు చూడాల్సింది. కథ చూడు."

"చూస్తున్నా. ఎవ్రీ ఎపిసోడ్‌లో ఒక నైస్ వైట్ పర్సన్ ఉంటారు. యూ నోటీస్డ్?"

నేను గమనించలేదు. తను చెప్పాక చూస్తే నిజమే. ఒక భాగంలో దెబ్బలు చూడలేక మొహం తిప్పుకునే గుమాస్తా. ఇంకోదాంట్లో బైబిల్ చదువుతూ కుమిలిపోయే దొర. మరోదాంట్లో, తన ఇంట్లో పెరిగిన మనిషిని అమ్మేస్తూ వెక్కి వెక్కి ఏడ్చే దొరసాని. "అతను మా ఇంట్లో మనిషి" అంటుంది ఆవిడ. అంటూనే అమ్మేస్తుంది. భార్య ఇక్కడ, భర్త ఎక్కడో.

"వాళ్ళెందుకుంటారు మరి?" అని అడిగాను.

"సో పీపుల్ లైక్ దెమ్ కెన్ వాచ్ ఇట్" అంది, చిప్స్ పాకెట్టులో చెయ్యి పెడుతూ.

ఆ మొగుడూ పెళ్ళాల్ని విడదీసే చోట నాకు మళ్ళీ కళ్ళు తడిశాయి. గడ్డాలు అతికించినా అక్కడ మాత్రం సీరియల్ నిలబడింది. "మనకీ తెలుసమ్మా ఈ బాధ. తెల్లవాళ్ళ కింద మనమూ నలిగాం" అన్నాను. తను లాప్‌టాప్ తీసి టకటకా ఏదో కొట్టి, నాకు చదివి వినిపించింది. మా కుటుంబం ఈ కథలో దెబ్బలు తిన్న వైపు ఉంది, మేం ఎప్పుడూ ఏ మనిషినీ సొంతం చేసుకోలేదు, అన్నది దాని అర్థం. తన ప్రసంగం ఆ మాటతో మొదలవుతుందట.

"కరెక్టేనా నాన్నా?"

"కరెక్టే."

ఆలోచించకుండా అన్నానని చెప్పుకోవచ్చు. కానీ అడిగిన ఆ క్షణంలో నాకు ఒక లారీ కళ్ళముందు మెదిలింది. మెదిలాకే అన్నాను.

తర్వాతి శనివారం హారిస్‌డేల్‌లో మా తమ్ముడింట్లో బార్బీ, అదే బార్బెక్యూ. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, మా బాబాయి కొడుకు. మగాళ్ళందరం పెరట్లో నిప్పుల చుట్టూ చేరి, గరం మసాలా దట్టించిన మటన్ ముక్కలు తిప్పుతున్నాం. ఒకాయన తోటపనికొచ్చేవాడు సరిగ్గా రావట్లేదని విసుక్కున్నాడు. అంతే, మా తమ్ముడు అందుకున్నాడు.

"మనుషుల్ని పెట్టుకోవడం మా తాతని అడగాలి. ఎడ్ల కథ విన్నారా మీరు?"

"మళ్ళీనా?" అంది లోపలినుంచి వాళ్ళావిడ.

"నీకు తెలిస్తే నువ్వు వినకు. కొత్తవాళ్ళున్నారు." గరిటె పక్కన పెట్టాడు. "మా నాన్నా, పెదనాన్నా పంపకాలు చేసుకున్నారు. ఎడ్లు మా వాటాకొచ్చాయి. రాయచూరు వైపు నల్లరేగడి చవగ్గా దొరుకుతుందని, ఊళ్ళో పొలం అమ్మేసి మా నాన్న అక్కడ కొన్నాడు. సామానంతా లారీకెక్కించారు. ఎడ్లు ఎక్కవు. తోకలు మెలేశారు, పలుపులు పట్టి లాగారు, ఊహూ. మా తాత అరుగు మీదనుంచి, 'ముందు పాలేరుని ఎక్కించండ్రా, అవే ఎక్కుతాయి' అన్నాడు. వాడెక్కాడు. వెనకాలే రెండూ బుద్ధిగా ఎక్కేశాయి. దింపితే అవీ దిగుతాయని వాణ్ణి కూడా పంపేశారు."

"ఎడ్లు కొంటే పాలేరు ఫ్రీ అన్నమాట" అన్నాడొకాయన.

అందరూ పగలబడి నవ్వారు. ఈ కథకి ఒక చివరి ముక్క ఉంది. అది ఎప్పుడూ నాదే. ఆ రోజు నేను అక్కడున్నాను కాబట్టి చెప్పే హక్కు నాదని మా ఇద్దరి మధ్యా ఒప్పందం. "తువ్వాలు కూడా తెచ్చుకోలేదు పాపం. దారిపొడుగునా ఎడ్ల మధ్యే నిద్రపోయాడట" అన్నాను. మళ్ళీ నవ్వులు. వెనక్కి తిరిగితే ప్లేటు పట్టుకుని మా అమ్మాయి. తను తెలుగు పెద్దగా మాట్లాడదు గానీ ప్రతి ముక్కా అర్థమవుతుంది.

తిరిగి వస్తుంటే కారు వెనకసీట్లోంచి అడిగింది. "డిడ్ హి హావ్ అ వైఫ్?"

"ఉండేది."

"ఆమె కూడా వెళ్ళిందా?"

ఇంగ్లీషు ముక్క లేకుండా అడిగిందని మా ఆవిడ తల తిప్పి చూసింది. "లేదమ్మా. నానమ్మకి ఇంట్లో పనికి మనిషి కావాలి కదా. మన దగ్గరే ఉండిపోయింది" అన్నాను.

"షి స్టేడ్, లేక యూ గైస్ కెప్ట్ హర్?"

"అప్పట్లో అంతా అలాగే ఉండేదిరా. అతన్ని మేమెప్పుడూ పరాయివాడిలా చూళ్ళేదు. మా ఇంట్లో మనిషిలా..."

"నాన్నా, దట్స్ వాట్ ద లేడీ సెడ్."

ఇంటి దగ్గర కారు దిగుతూ, "మంగళవారం నా టాక్. ఆమెకి ఏమైందో నాకు తెలియాలి" అంది.

ఆదివారం పొద్దున్న గరాజ్‌లో కూర్చుని నన్ను నేను సమర్థించుకునే పనిలో పడ్డాను. అది బానిసత్వం కాదు. వేలం లేదు, కొరడా లేదు. ఉగాది నుంచి ఉగాదికి మాట, గింజలు కొలిచేవాళ్ళం. ఇష్టం లేకపోతే మానేసేవాడు. ఇక్కడికి వచ్చేసరికి నా వాదన ఆగిపోయింది. లారీ మీద నిలబడ్డ మనిషి, "నేను రానండీ" అని మా తాతతో అనడం ఊహించుకుందామని చూశాను. కుదరలేదు. అనగలిగేవాడే అయితే ఆ కథ నవ్వులకి పనికొచ్చేది కాదు.

అతని భార్య మాత్రం బాగా గుర్తుంది. పెరటివైపు నిలబడి, చీపురు చేతిలో ఉండగానే అడిగేది, లారీ మళ్ళీ ఎప్పుడొస్తుందని. పంట చేతికొస్తే వస్తాడులే అనేది నానమ్మ. నానమ్మ లేనప్పుడు ఆ మాటే నేను చెప్పేవాణ్ణి, పెద్దవాళ్ళ గొంతు పెట్టి.

తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఏంటన్నయ్యా, టిఫిన్ బాక్సులు మర్చిపోయారు మీరు."

"అది కాదురా. ఆ పాలేరు తర్వాత తిరిగొచ్చాడా?"

"ఎక్కడి రావడం. రెండో ఏడే పోయాడుగా. జ్వరం. క్యాంపులోనే దహనం చేశారు."

క్యాంపంటే అక్కడ మనవాళ్ళు వేసుకున్న ఊరు. "మరి ఆవిడకి ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పుంటారు కదా, మీ దగ్గరే కదా ఉంది."

"మేము... మీవాళ్ళెవరో వచ్చి చెప్పుంటారనుకున్నా నేను. అసలు పోయాడనే తెలీదు నాకు."

"నాన్న పెదనాన్నకి కబురు పెట్టే ఉంటాడన్నయ్యా. పెట్టకుండా ఎలా ఉంటాడు." మళ్ళీ తనే, "ఇప్పుడెందుకివన్నీ?" అన్నాడు.

అమ్మాయి ప్రసంగం గురించి చెప్పాను. "ఇంటి సంగతులు తెల్లపిల్లల ముందెందుకు అన్నయ్యా, చూసుకో కొంచెం" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా. నాకూ ముందు వచ్చిన ఆలోచన అదే. అందుకే అతన్ని ఏమీ అనలేకపోయాను.

కబురు వచ్చిందో లేదో చెప్పగల మనుషులెవరూ ఇప్పుడు లేరు. ఆవిడ లారీ గురించి అడగడం ఎప్పుడు మానేసిందో కూడా నాకు గుర్తులేదు. ఒకరోజు అడిగి ఉంటుంది, మర్నాడు అడిగి ఉండదు. మా ఇంట్లో ఎవరూ ఆ తేడా కనిపెట్టలేదు.

మా అమ్మాయి గది తలుపు తెరిచే ఉంది. లోపలికెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. "నువ్వు రాసిన మొదటి మాట తప్పు. తప్పని తెలిసే కరెక్టన్నాను" అన్నాను. తను నావైపు చూడకుండా ఆ వాక్యం మొత్తం కొట్టేసింది. తర్వాత ఫోన్లో విన్నదంతా చెప్పాను. లారీ గురించి ఆవిడకి నేను చెప్పిన జవాబు కూడా.

"దిస్ ఈజ్ వర్స్ దాన్ ద షో" అంది. "షోలో అట్లీస్ట్ దే టెల్ హర్."

"అవును."

"నేను ఇది చెప్పచ్చా క్లాస్‌లో?"

తమ్ముడు వాళ్ళు ఏమనుకుంటారో అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. "చెప్పు."

ఖాళీ పేజీ తెరిచింది. "హి వాస్ అవర్ వాట్? సర్వెంట్? వర్కర్?"

"హెల్పర్ అని పెట్టు" అన్నాను. తన వేళ్ళు కదల్లేదు. నేను మంచి దొర కుర్చీలోకి మళ్ళీ ఎంత సులువుగా జారిపోయానో అప్పుడు కనిపించింది. "వద్దులే. ఏమీ పెట్టకు. అతనేం చేసేవాడో రాయి."

"ఓకే. వాట్ డిడ్ హి డూ?"

తెల్లారకముందే లేచి పశువులకి మేత వేసేవాడని చెప్పాను. ఎక్కడ పడుకునేవాడని అడిగింది. పశువుల కొట్టంలో అన్నాను. "వాళ్ళావిడతోనా?" అంది. కాదన్నాను. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేది ఎప్పుడని అడిగింది. నాకు తెలియదు. తెలియదనే రాయమన్నాను. రాసుకుంది. ఆ తర్వాతి ప్రశ్న అడిగింది.