మోతి మిగిల్చిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మోతి అనే కుక్క ఉండేది. ఈ ఒక్క ముక్క రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. నేను చదివింది ఐదో తరగతే. అదీ మిరపకోతల రోజుల్లో బడి మానేసి, మిగతా రోజుల్లో వెళ్ళిన చదువు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు సరిగా తెలియదు. తప్పులు కనపడితే నవ్వుకోండి గాని మధ్యలో వదిలేయొద్దు. ఇది మా తాత సంగతి. నేను చెప్పకపోతే ఆయన సంగతి ఇంకెవరూ చెప్పరు.

మాది ఈపూరు దగ్గర ఒక పల్లె. మా వాళ్ళ ఇళ్ళు ఊరికి విడిగా, చర్చి చుట్టూ ఉండేవి. మా నాన్న ఒక ఆసామి దగ్గర పాలేరు. మా తాత, అంటే మా నాన్న తండ్రి, అదే ఆసామి మిరపకల్లానికి కాపలా ఉండేవాడు. మోతి ఆయనతో పాటే కల్లం కాసేది. అది పిల్లగా ఉన్నప్పుడు బండి తోలుకుంటూ పోయే సాయిబు ఒకాయన మా తాత చేతిలో పెట్టి వెళ్ళాడంట. పేరు కూడా ఆ సాయిబు పెట్టిందే.

నాకు ఊహ తెలిసేసరికే మోతి ముసలిదైపోయింది. ఒకసారి కల్లంలో పడిన ఎద్దుని తరమబోతే అది దీని తలమీద తన్నింది. బతికింది గాని అప్పటినుంచి మూర్ఛ పట్టుకుంది. ఉన్నట్టుండి పక్కకి పడిపోయి, కాళ్ళు కొట్టుకుని, నోట్లోంచి నురగ కక్కేది. ఏళ్ళు గడిచేకొద్దీ వెనక కాళ్ళు కూడా చచ్చుబడ్డాయి. పని చేయని కుక్క కల్లంలో ఎందుకని ఆసామి అన్న రోజున, మా తాత దాన్ని గొర్రెపిల్లలాగా భుజాల మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు.

దాన్ని ఆయన చూసుకున్న తీరు నేను పక్కనుండి చూశాను. పొద్దున్నే తువ్వాలు మడిచి దాని పొట్ట కిందుగా పోనిచ్చి, రెండు కొసలూ పైకి పట్టుకుని నడుము లేపేవాడు. అప్పుడు ముందు కాళ్ళతో అది నడిచేది. ముందు కాళ్ళు మోతివి, వెనక కాళ్ళు మా తాతవి. అట్లా దొడ్లోకి తీసుకుపోయి దాని పనులు కానిచ్చి తీసుకొచ్చేవాడు. మా ఎదురింటి మామ రోజూ ఆ వేళకి వేపపుల్ల నములుతూ గడపలో కూర్చునేవాడు.

"ఏంది మామా, కుక్కని నువ్వు నడిపిస్తన్నావా, నిన్ను కుక్క నడిపిస్తందా?" అనేవాడు.

"దారి తెలిసింది ముందు నడుస్తదిరా," అనేవాడు మా తాత. వీధిలో అందరూ నవ్వేవాళ్ళు. మా తాతా నవ్వేవాడు.

గోనెసంచి కింద వరిగడ్డి పరిచి పడుకోబెట్టేవాడు. ఒకే పక్కన పడుంటే ఒళ్ళు పుండు పడుతుందని పూటకొకసారి అటూ ఇటూ తిప్పేవాడు. పుండు పడిన చోట వేపాకు కాచిన నీళ్ళతో కడిగేవాడు. ఆ నీళ్ళు కాచే పని నాది. జొన్నసంకటి మజ్జిగలో పిసికి పలచగా చేసి, తన ముద్ద కంటే ముందు దానికి పెట్టేవాడు.

మూర్ఛ వచ్చినప్పుడు ఇరుగుపొరుగు తలా ఒక మాట చెప్పేవాళ్ళు. తాళాలగుత్తి నోటికి అడ్డం పెట్టమనేవాళ్ళు కొందరు, నుదుటి మీద వాత పెట్టమనేవాళ్ళు కొందరు. మా తాత ఏదీ చేసేవాడు కాదు. చుట్టూ ఉన్న రాళ్ళు తీసేసి, తల కింద తువ్వాలు పెట్టి, పట్టుకోకుండా పక్కన కూర్చునేవాడు. ఎందుకు కూర్చోవడం అని అడిగితే నాతో ఒక మాట అన్నాడు.

"అది యాడికో పోయొస్తందమ్మాయ్. తిరిగొచ్చేసరికి తెలిసిన మొహం ఒకటి కనపడాలగా."

ఒకసారి ఎవరిదో బండి టౌనుకి పోతుంటే దాన్ని ఎక్కించుకుని పశువుల ఆసుపత్రికి కూడా తీసుకుపోయాడు. డాక్టరు దూరం నుంచే చూసి, ఇది పిచ్చి కాదు మూర్ఛ అని, తలకి తగిలిన దెబ్బ వల్ల వచ్చిందని, నా దగ్గర మందు లేదని చెప్పాడంట. మందు లేకపోయినా మా తాత ఆ రోజు సంతోషంగా తిరిగొచ్చాడు. పిచ్చి కాదని ఒక డాక్టరు చెప్పాడు కదా. ఆ మాట కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. వాళ్ళు తలూపారు.

ఆ ఎండాకాలం పక్క ఊళ్ళో మా పిన్ని కొడుకుని పిచ్చికుక్క కరిచింది. నా ఈడు వాడే. బొడ్డు చుట్టూ వేసే సూదులకి భయపడి ఆసుపత్రికి తీసుకుపోకుండా పసరు పోయించారు. కొన్నాళ్ళు బాగానే తిరిగాడు. ఆ తర్వాత గ్లాసుతో నీళ్ళిస్తే గొంతు పట్టుకుని అరవడం మొదలుపెట్టాడంట. మా అమ్మ వెళ్ళి, వాడు పోయేదాకా అక్కడే ఉండి వచ్చింది. వచ్చాక నీళ్ళకుండ కడిగి, దాని మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టింది. తర్వాత పంచలో పడుకున్న మోతిని చాలాసేపు నిలబడి చూసింది.

కొన్నాళ్ళకి ఒక పొద్దున, మా తాత మోతిని తువ్వాలుతో నడిపిస్తుండగా వీధిలోనే దానికి మూర్ఛ వచ్చింది. నీళ్ళకి పోయే ఆడవాళ్ళు ఆ నురగ చూసి బిందెలు వదిలేసి పరిగెత్తారు. కాసేపటికి కర్రలు పట్టుకుని మగవాళ్ళు వచ్చారు. మా ఎదురింటి మామ చేతిలో కూడా కర్ర ఉంది. ఎవరో చెప్తే మా నాన్న కూడా ఆసామి చేలోంచి వచ్చాడు. వచ్చి ఆ గుంపులోనే నిలబడ్డాడు. మా తాత పక్కకి రాలేదు.

మా సంఘపెద్ద మంచి మనిషి. ఊరికే చంపితే పాపం, ఒకసారి నీళ్ళు పెట్టి చూద్దాం, పిచ్చి ఉంటే నీళ్ళంటే భయపడుతుంది, లేకపోతే తాగుతుంది అన్నాడు. అందరికీ అది న్యాయంగా తోచింది. నాకూ తోచింది. సత్తుగిన్నెలో నీళ్ళు పోసి, ఎవరూ దగ్గరికి పోకుండా కర్రతో నెట్టి, మోతికి బారెడు దూరంలో ఆపారు.

మూర్ఛ వదిలాక మోతికి కాసేపు ఏమీ తెలిసేది కాదు. కళ్ళు తెరిచి ఉన్నా చూపు ఆనేది కాదు. తెలివి వచ్చినా మాత్రం వెనక కాళ్ళు లేని కుక్క బారెడు దూరం ఎట్లా పోతుంది? అది పడుకున్న చోటే పడుకుని, మా తాత వాసన తగిలిన వైపుకి తల తిప్పింది.

"చూశారా, నీళ్ళు చూసి మొహం తిప్పేసింది," అన్నాడు ఎదురింటి మామ.

మా తాత అందరి మొహాలూ చూశాడు. "అది భయపడలా. లేవలేకపోతంది. లేవలేదని మీకు తెలవదా? రోజూ చూసి నవ్వేదానికేగా మీరు గడపల్లో కూర్చునేది."

ఎవరూ కర్రలు దించలేదు. మా తాత వెళ్ళి గిన్నె తెచ్చుకుని, కింద కూర్చుని, మోతి తల ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు తడిపి దాని మూతికి రాశాడు. కాసేపటికి దానికి తెలివొచ్చింది. ఆయన వేళ్ళు నాకింది. తర్వాత గిన్నెలో మూతి పెట్టి చప్పుడయ్యేటట్టు తాగింది.

"నువ్వు నోటికి పెట్టావు కాబట్టి మింగింది మామా. అదెట్లా లెక్కకొస్తది?" అన్నాడు ఎదురింటి మామ.

అప్పుడు మా తాత ఆ గిన్నె తన నోటి దగ్గరికి తీసుకున్నాడు. మా అమ్మ గడపలోంచి "వద్దు మామా" అంది. గట్టిగా కూడా అనలేదు. మోతి మిగిల్చిన నీళ్ళు ఆయన చివరి చుక్కదాకా తాగి, గిన్నె బోర్లించి వాళ్ళ ముందు పెట్టాడు.

"దీని నోట్లో ఏముందో ఇప్పుడు నా నోట్లో కూడా అదే ఉంది. కొడితే ఇద్దర్నీ కొట్టండి."

కర్రలు దిగాయి. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మా తాత గెలిచాడని ఆ పూటంతా నేను మురిసిపోయాను.

ఆ సాయంత్రం మా అమ్మ ఆయన కంచం పంచలో పెట్టింది. పక్కన అంచు సొట్టపోయిన ఒక సత్తుగ్లాసు పెట్టింది. అంతకుముందు ఆ గ్లాసు ఎవరూ వాడేవాళ్ళు కాదు. మా తాత గ్లాసు చూసి మా అమ్మని చూశాడు.

"ఆ పిల్లోణ్ణి నేను చూసొచ్చా మామా. నా పిల్లలు నాకు కావాల," అంది.

"సరేనమ్మా," అన్నాడు. లోపల అన్నం తింటున్న మా నాన్న తల ఎత్తలేదు.

మర్నాటి నుంచి మమ్మల్ని ఆయన దగ్గరికి పోనిచ్చేవాళ్ళు కాదు. వేపాకు నీళ్ళు కాచి మెట్టు మీద పెట్టి వచ్చేదాన్ని. తువ్వాలు పట్టేదీ, ఒళ్ళు తిప్పేదీ అన్నీ ఆయన ఒక్కడే. బోరింగు దగ్గర ఆడవాళ్ళు నన్ను ఆపి, మీ తాత ఇయ్యాల నీళ్ళు తాగాడా అని అడిగేవాళ్ళు. ఆ సంగతి ఆయనకి తెలుసు. అందుకే పొద్దున్నే ఆ సొట్ట గ్లాసు పట్టుకుని వీధిలోకి వచ్చి, అందరికీ కనపడేటట్టు నిలబడి తాగేవాడు. పిల్లలు చాటునుంచి భౌ భౌ అని అరిచి పారిపోయేవాళ్ళు.

చర్చిలో సంస్కారం ఇచ్చే ఆదివారం వచ్చింది. అందరూ ఒకే గిన్నెలోంచి ద్రాక్షరసం తాగే రోజు అది. మా సంఘపెద్ద వచ్చి మా తాత చెవిలో మెల్లగా, నువ్వు చివర్లో తీసుకో అని చెప్పాడు. మా తాత చివరిదాకా కూర్చున్నాడు. ఆయన వంతు వచ్చేసరికి గిన్నె ఖాళీ అయిపోయింది. రొట్టెముక్క ఇచ్చి పంపారు. అది నోట్లో వేసుకోకుండా చేతిలో పెట్టుకుని ఇంటికి నడిచాడు.

ఆ రోజు మా అమ్మ చూడకుండా నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఊళ్ళో టీ హోటల్లో మా వాళ్ళకి గ్లాసులు వేరు. పాక బయట చూరులో పెట్టి ఉండేవి. తీసుకుని, తాగి, మేమే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. చిన్నప్పటినుంచి ఆ గ్లాసుల్లోనే తాగిన మనిషి ఆయన. మోతి ఒళ్ళు నిమురుతూ నాతో అన్నాడు.

"హోటలోడు పెట్టిన గ్లాసు అలవాటైపోయిందమ్మాయ్. మీ అమ్మ పెట్టింది అలవాటు కావట్లా."

ఆయన నోటినుంచి ఆ గ్లాసు గురించి ఇంకెప్పుడూ నేను ఒక్క మాట వినలేదు.

మోతి తొలకరిదాకా బతికింది. పిచ్చి పట్టలేదు, ఎవరినీ కరవలేదు. ఒక పొద్దున సంచి మీద పక్కకి తిప్పబోతే ఒళ్ళు చల్లగా ఉంది. మా తాత ఇంటి వెనక గొయ్యి తవ్వుతుంటే ఎదురింటి మామ వచ్చి కాసేపు నిలబడ్డాడు. ఆ పార ఇటియ్యి మామా, నేను తవ్వుతా అన్నాడు. మా తాత పార ఇవ్వలేదు. గొయ్యి అయ్యాక తువ్వాలుతో పాటే మోతిని అందులో పెట్టాడు.

ఇంక అందరికీ తెలిసిపోయింది. కుక్కకి పిచ్చి లేదు, మా తాతకీ ఏమీ కాలేదు. కానీ పొరపాటు పడ్డాం అని ఒక్కరు కూడా వచ్చి చెప్పలేదు. మా ఇంట్లో గ్లాసు కూడా మారలేదు. ఒకసారి నేను మరిచిపోయినట్టు మా గ్లాసులో నీళ్ళు తీసుకుపోతుంటే, మా అమ్మ నా చేతిలోంచి తీసుకుని, ఆ సొట్ట గ్లాసులోకి వంచి ఇచ్చింది. అప్పటికి ఆమె మొహంలో భయం లేదు. ఉప్పు డబ్బా దాని చోట పెట్టినట్టు చేసింది. భయంతో పెట్టిన గ్లాసు భయం పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. మా తాత పోయేదాకా అందులోనే తాగాడు. ఆయన పోయాక మా అమ్మ దాన్ని తీసుకెళ్ళి పెంటకుప్ప మీద వేసింది.

ఇప్పుడు మా ఇంటాయన పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నాడు. నడుము కిందుగా తువ్వాలు పోనిచ్చి లేపడం, పూటకొకసారి పక్కకి తిప్పడం నాకు ఏ నర్సమ్మా నేర్పలేదు. నీళ్ళు తాగిస్తే సగం పెదవుల మీదుగా మళ్ళీ గ్లాసులోకే జారిపోతాయి. చూడటానికి వచ్చినవాళ్ళు మొహం పక్కకి తిప్పుకుంటారు. వాళ్ళు చూస్తుండగానే మిగిలిన ఆ నీళ్ళు నేను తాగేస్తాను. మా అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. నేను తాగేటప్పుడు ఆమె గోడ వైపు తిరుగుతుంది. ఆమెకి కూడా నీళ్ళు మా అందరి గ్లాసులోనే ఇస్తాను.

ఇంతే నాకు రాయడం వచ్చింది. ముందు చెప్పాల్సింది వెనక చెప్పి ఉంటాను, అక్షరాలు కూడా తప్పు పడి ఉంటాయి. పెద్ద మనసు చేసుకుని నన్ను మన్నించండి.