ఆవిడ సాంపిల్ అనేవారు కాదు

కెనడాలోని కాల్గరీలో నా మొదటి ఉద్యోగం పిల్లల మెదడు క్యాన్సర్‌కి మందు వెతికే ల్యాబ్‌లో. అక్కడి సీనియర్ సైంటిస్ట్‌ది ఒంగోలు. ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కని మేమంతా సాంపిల్ అనేవాళ్లం. ఆవిడ మాత్రం "పాప వచ్చింది, గ్లవ్స్ మార్చుకో" అనేవారు.

ఒంట్లోని రక్షణ కణాలకు కణితిని గుర్తుపట్టడం నేర్పడమే మా పని. మూడేళ్లపాటు అవి నేర్చుకోలేదు. నాలుగో ఏడు ఒక పొద్దున మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక ముక్కలోని క్యాన్సర్ కణాలన్నీ చచ్చిపడి ఉన్నాయి. నేను ఎగిరి గంతేశాను. ఆవిడ ఆ ముక్క పంపిన డాక్టర్‌కి ఫోన్ చేసి, కాసేపు విని, మెల్లగా పెట్టేశారు.

"ఏమన్నారు మేడమ్?"

"ఆ పాప పోయి ఆర్నెల్లయిందట."

ఆవిడ కళ్లు తుడుచుకుని, "లే, మళ్లీ చేసి చూద్దాం. ఒక్కసారికే నమ్మకూడదు" అన్నారు.

రెండేళ్లకు ఆవిడ గుండెపోటుతో పోయారు. ఈ వేసవిలో ఆ వైద్యం మొదటిసారిగా ఒక బాబుకి ఇచ్చారు. నిన్న స్కాన్ వచ్చింది. కణితి సగానికి తగ్గింది. ల్యాబ్‌లో అందరితో ఇంగ్లీషులో సంతోషం పంచుకున్నాను. తెలుగులో చెప్పబోయి పక్కకి తిరిగితే, ఆవిడ కుర్చీలో కొత్తగా చేరిన కెనడా అమ్మాయి నవ్వుతూ కనిపించింది.