చంద్రుడి మీదికి వెళ్ళిన కుట్టు

పోయిన వారం మా హోటల్లో ఎవరో పిల్లాడి పుట్టినరోజు వేడుక కోసం వెండిరంగు బట్ట ఒక తాను తెచ్చి నా బల్ల మీద పడేశారు. బహ్రెయిన్‌లో, జుఫైర్‌లోని ఈ హోటల్ నేలమాళిగలో ఉన్న కుట్టుగది నా అజమాయిషీలో నడుస్తుంది. ఉద్యోగుల యూనిఫారాలు, చిరిగిన తెరలు, భోజనాల బల్లల మీది గుడ్డలు, అన్నీ మా చేతికే వస్తాయి. ఈసారి ఎనిమిది మంది పిల్లలకి వ్యోమగాముల అంగీలు కుట్టమన్నారు. అమెరికావాళ్ళు మళ్ళీ చంద్రుడి దగ్గరికి మనుషుల్ని పంపే పనిలో పడ్డారు కదా, పిల్లలకి ఇప్పుడు అదే సరదా. తాను విప్పగానే బట్ట చేపలా జారి నా ఒళ్ళో పడింది. చల్లగా, నున్నగా, కొత్త రబ్బరు వాసనతో. ఆ జారుడు వేళ్ళకి తగలగానే, పక్కనున్న వాళ్ళతో “ముందు గుండుసూదులు లెక్కపెట్టండి” అనేశాను. ఆ మాట నాది కాదు, యాకూబ్ మాస్టర్‌ది.

యాకూబ్ మాస్టర్‌ది ఆర్మూరు. ఇక్కడికి దగ్గర్లోని జింజ్ పేటలో, కూరగాయల దుకాణానికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న టైలరింగ్ దుకాణంలో ముప్పై ఏళ్ళు కత్తెర పట్టాడు. పొట్టి మనిషి. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. మీసానికి రంగు వేసుకునేవాడు కానీ తలకి వేసుకునేవాడు కాదు, అదేమని అడిగితే “తల టోపీల దాగుతది, మీసం యాడ దాగుతది?” అనేవాడు. నేను రాజోలు వైపు నుంచి ఇళ్ళపనికి బహ్రెయిన్ వచ్చి, నాలుగేళ్ళు అంట్లూ గిన్నెలూ అయ్యాక, పాత కఫీల్, అంటే నా వీసా చేతిలో ఉన్న యజమాని, దయతలిచి ఒప్పుకుంటే ఆ దుకాణంలో చేరాను. మా ఊళ్ళో జాకెట్లు కుట్టిన చెయ్యి నాది. అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మొదటి రోజు ఆయన నా చేతికి బట్ట ఇవ్వలేదు. గోడ మీద అతికించిన ఒక బొమ్మ చూపించాడు. ఏదో ఇంగ్లీషు పత్రిక కాగితం, అంచులు పసుపెక్కి ఉంది. అందులో రాకెట్టూ లేదు, చంద్రుడూ లేదు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక ఆడమనిషి కుట్టుమిషన్ మీద వంగి, బారెడు తెల్లబట్టని సూది కిందికి తోస్తోంది.

“ఈమె ఏం కుడుతున్నదో చెప్పు బిడ్డా.”

“దుప్పటి అనుకుంటానండి.”

ఆయన మొహం చూడాలి. నేనలా అంటానని కాచుక్కూర్చున్నట్టే ఉంది. “చంద్రుని మీద నడిచినోళ్ళ అంగీ అది! ఎవరు కుట్టిన్రు అనుకున్నవ్? పెద్ద పెద్ద ఇంజినీర్లా? ఆడోళ్ళు కుట్టిన్రు. అంతకుముందు లోపలి బట్టలు, పసిపోరల లాగులు కుట్టినోళ్ళు. గిట్లాంటి మిషన్ మీదనే, ఒక్కో కుట్టు ఒక్కో కుట్టు.”

నేను నమ్మలేదు. గల్ఫులో కొత్తవాళ్ళని ఆటపట్టించడం మామూలే కాబట్టి ఇదీ అలాంటిదే అనుకున్నాను. కానీ ఆయన చెప్పింది నిజమేనని ఆ తరవాత ఎన్నోసార్లు చదివి తెలుసుకున్నాను. చిన్నప్పుడు ఆర్మూరులో హోటల్ ముందు ఎవరో పేపరు చదువుతుంటే చంద్రుడి మీద నిలబడ్డ మనిషి ఫొటో చూశాడట. అందరూ జెండా చూశారు, ఈయన చంకలో అతుకు చూశాడు. వాళ్ళ నాన్న కూడా దర్జీయే మరి. “అంత లావు బట్టకి చెయ్యి ఎట్ల తిరుగుతుంది?” అన్నది అప్పటి నుంచీ ఆయన బుర్రలో తిరుగుతూనే ఉంది. జుఫైర్ నేవీ స్థావరం నుంచి యూనిఫారాలు సరిచేయించుకోవడానికి వచ్చే ఒక అమెరికన్ ఆవిడ, ఈయన గోల పడలేక, ఆ పత్రిక తెచ్చి అక్షరం అక్షరం చదివి అర్థం చెప్పి వెళ్ళిందట. ముందు రోజుల్లో వ్యోమగాముల అంగీలు గాలికి ఉబ్బి చేతులు వంగనిచ్చేవి కావట. ఒంటి వంపులు తెలిసిన ఈ ఆడవాళ్ళే మోచేతులూ మోకాళ్ళూ వంగేలా కుట్టారట. ఆ అంగీ తొడుక్కుని ఒకాయన బంతాట ఆడి మరీ చూపించాడట. నేల మీద పరీక్ష చేస్తుంటే ముగ్గురు వ్యోమగాములు మంటల్లో పోయాక, కాలకుండా గాజుదారంతో నేసిన బట్ట తెచ్చారట. “గాజు గుచ్చుకొని చేతులు దురద పెడుతుంటే కుట్టిన్రు బిడ్డా” అని చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గేది.

అలాగని ఆయన ఆ అంగీని పూర్తిగా మెచ్చుకునేవాడు కూడా కాదు. ఫోన్లో చంద్రుడి మీది వీడియో పెట్టుకుని, “మోకాలు కాడ కటింగ్ ఇంకొంచెం వదలాలె. గందుకే చూడు, గెంతుకుంట పోతున్రు” అని విమర్శించేవాడు. అక్కడ బరువు తక్కువ కాబట్టే అలా గెంతుతారని నాకు తరవాత తెలిసింది. ఆయనకి మాత్రం నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు.

ఆయన ఆ కథ చెప్పేది ఊరికే కాదు, గుండుసూదుల కోసం. ఆ అంగీకి ఇరవై పైచిలుకు పొరలు. పొరల మధ్య ఒక్క గుండుసూది మిగిలిపోయినా, అక్కడ మనిషి ఊపిరి పోతుంది. ఒకసారి నిజంగానే ఒక సూది మిగిలిపోయిందట. అప్పటి నుంచీ ఆసుపత్రిలో ఎముకలకి తీసినట్టు బట్టలకి ఎక్స్‌రే తీసేవారట. “మన కాడ ఎక్స్‌రే లేదు. లెక్క ఉన్నది” అనేవాడు. కుట్టే ప్రతి మనిషికీ ఒక చిన్న రేకు డబ్బా, అందులో నలభై గుండుసూదులు. సాయంత్రం దుకాణం కట్టేసే ముందు ఎవరి డబ్బా వాళ్ళు బల్ల మీద కుమ్మరించి పైకి లెక్కపెట్టాలి. నలభై వస్తే ఇంటికి. రాకపోతే నేల మీద పాకుతూ వెతకాల్సిందే. పక్క దుకాణాలవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవారు. నాకూ కొన్నాళ్ళు ఒళ్ళు మండేది. మేం కుట్టేవి గౌన్లూ, ఇక్కడి ఆడవాళ్ళు వేసుకునే పొడుగాటి జలాబియాలూ, వాటిని వేసుకుని ఎవరూ చంద్రుడి మీదికి పోరు కదా.

చేరిన ఎనిమిదో నెలలో నువైద్రాత్ అనే ఊరి నుంచి ఒక పెళ్ళివారి పని వచ్చింది. ఇక్కడ పెళ్ళికూతురికి గోరింటాకు పెట్టే రోజున పచ్చటి జలాబియా వేస్తారు, మెడ నుంచి పాదాల దాకా జరీతో బరువుగా ఉంటుంది. దాని అస్తరు కుట్టే పని నాకిచ్చాడు మాస్టర్. అంత పెద్ద పని నా చేతికి రావడం అదే మొదలు. నాలుగు రోజులు ఒళ్ళు మర్చిపోయి కుట్టాను. వేడుక రేపనగా మధ్యాహ్నం వాళ్ళ డ్రైవరు వచ్చి పట్టుకెళ్ళాడు. సాయంత్రం నా డబ్బా కుమ్మరిస్తే ముప్పై తొమ్మిది.

బల్ల కింద చూశాను, మిషన్ పళ్ళెంలో చూశాను, చెత్తబుట్ట చూశాను. మాస్టర్ అటు వైపు గళ్ళచొక్కా ఒకటి ఇస్త్రీ చేస్తున్నాడు. అప్పటికి కఫీల్ మారి ఏడాది కాలేదు. మా అమ్మాయి ఊళ్ళో పాలిటెక్నిక్‌లో అప్పుడే చేరింది. ఈ పని పోతే మళ్ళీ ఇళ్ళపనికైనా పోవాలి, విమానమైనా ఎక్కాలి. చున్నీకి పెట్టుకున్న గుండుసూది లాగి డబ్బాలో వేశాను.

“ఎంత?” అన్నాడాయన ఇస్త్రీ మీంచి తల ఎత్తకుండా.

“నలభయ్యండి.”

“ఖలాస్. పో ఇగ.”

గదికి వెళ్ళి అన్నం కలుపుకున్నాను కానీ ముద్ద దిగలేదు. ఆ పిల్ల జలాబియా తొడుక్కుంటూ చెయ్యి పైకెత్తడం, సూది దిగడం, ఇవే కళ్ళ ముందు. తనది గాజుబట్టా కాదు, చంద్రుడూ కాదు, అయినా ఒంట్లో దిగే సూది దిగే సూదే. పొద్దున్నే దుకాణం తలుపు తీయకముందే వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాను. మాస్టర్ రాగానే ఏడుస్తూ మొత్తం చెప్పేశాను, చున్నీ సూది సంగతితో సహా.

తిడతాడనుకున్నాను. ఆయన మెట్టు మీద కూలబడిపోయాడు.

“సూది పోతే వెతుకుతం బిడ్డా. లెక్కనే అబద్ధమైతే ఇగ ఏం వెతకాలె?”

తల కొట్టేసినట్టయింది. పని పోయిందనే అనుకున్నాను. అంతలో ఆయన లేచి తాళాలు జేబులో వేసుకుని, “యల్లా, పద” అన్నాడు. కూరగాయల దుకాణం వాళ్ళ బండి అడిగి తీసుకుని నువైద్రాత్ బయల్దేరాం. చంద్రుడి కబుర్లు లేకుండా ఆయన అంతసేపు ఉండడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

ఆ ఇంట్లో అప్పటికే చుట్టాలు దిగారు. పెళ్ళికూతురి తల్లి గుమ్మంలోనే ఎందుకొచ్చారని అడిగింది. ఇరవై ఏళ్ళకి పైగా అక్కడ పేరున్న మనిషి, చేతులు కట్టుకుని, అరబ్బీలో, అందరి ముందూ చెప్పాడు. తప్పు మా దుకాణానిది, బట్టలో సూది ఉండి ఉండవచ్చు, తీసి వెళతాం, అన్నాడు. ఆ మాత్రం అరబ్బీ నాకు అప్పటికే అర్థమయ్యేది. ఎవరు చేశారని ఆవిడ అడిగితే, ఆయన నా వైపు కూడా చూడలేదు. “దుకాణం నాది” అన్నాడు.

తివాచీ మీద తెల్ల దుప్పటి పరిచి జలాబియా దాని మీద వేశారు. మాస్టర్ కూర్చోలేదు. “నువ్వు పెట్టినవు, నీ చెయ్యికే తెలుస్తది. కండ్లు మూసుకో” అన్నాడు మెల్లగా. రెండు అరచేతుల మధ్య బట్ట పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెడ దగ్గర మొదలుపెట్టాను. ఎంతసేపు పట్టిందో తెలీదు. చుట్టూ ఆడవాళ్ళ గుసగుసలు, ఏలకుల కాఫీ వాసన. ఎడమ చంక కింద, అస్తరుకీ పైబట్టకీ మధ్య, నా బొటనవేలికి చురుక్కుమంది. సూది మొన లోపలి వైపుకే ఉంది.

నాలుగు కుట్లు విప్పి, సూది తీసి, అక్కడే కూర్చుని చేత్తో కుట్టేశాను. తల్లి మొహం మాడ్చుకునే ఉంది. ముసలావిడ ఒకామె, నాయనమ్మ కాబోలు, ఎర్రబడ్డ నా వేలు పట్టుకుని చూసి, ఏదో అని నవ్వి, మా ఇద్దరికీ కాఫీ పోయించింది. ఆ ఇంటివాళ్ళు తరవాత రెండేళ్ళు మా దుకాణం గడప తొక్కలేదు. మూడో ఏడు ఆ పిల్ల చెల్లెలి పెళ్ళికి మళ్ళీ వచ్చారు. కుట్టాల్సింది నేనేనని కూడా చెప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు మాస్టర్ నోరు తెరిచాడు. “చంద్రుని అంగీల గూడ సూది మిగిలింది అని చెప్పిన కదా. ఎవరో ఒకరు చెప్పిన్రు. చెప్పినందుకే దొరికింది. దొరికినందుకే వాళ్ళు పోయి తిరిగొచ్చిన్రు.” ఎవరో చెప్పారన్న ఆ ముక్క నాకోసం కల్పించి చెప్పాడో, నిజంగా ఆ పత్రికలో ఉందో ఇప్పటికీ తెలీదు. కల్పించి ఉంటే మాత్రం ఇంకా ఇష్టం ఆయనంటే.

ఆ సాయంత్రం కట్టేసే వేళకి అందరి డబ్బాలూ తెచ్చి నా ముందు పెట్టాడు. “ఇయ్యాల్టి సంది లెక్క నీది.” శిక్ష అనుకున్నాను. అందరి ముందూ నన్ను లెక్కపెట్టించి ఆయన మళ్ళీ సరిచూసుకుంటాడని ఎదురుచూశాను. చూసుకోలేదు. మర్నాడూ చూసుకోలేదు. ఆ తరవాత ఆరేళ్ళు, ఆయన సామాన్లు కట్టుకుని ఆర్మూరు వెళ్ళిపోయేదాకా, నేనెంతంటే అంతే. ఒక్కసారి కూడా నా లెక్క మీద మళ్ళీ లెక్క పెట్టలేదు. మా వాళ్ళెవరూ నన్ను అంతగా నమ్మలేదు, నిజం చెప్పాలంటే నేనూ నమ్ముకోలేదు. నెలకోసారి ఫోన్ చేస్తాను. మనవడికి చంద్రుడి కథ చెప్తే వాడు ఆటలో పడి వినట్లేదని మొన్న వాపోయాడు. బాగానే ఉన్నాడు, మీసానికి రంగు మానలేదట.

ఇప్పుడు నా కింద ఐదుగురు పనిచేస్తున్నారు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు మొహం వేలాడేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, “ఒకటి తక్కువొచ్చిందండీ” అంటారు. పైకి గంభీరంగానే ఉంటాను కానీ, లోపల ఎంత సంతోషమో నాకే తెలుసు. బట్ట ఏ అంతస్తుకి వెళ్ళిందో అడిగి, చెప్పులు వేసుకుని, వాళ్ళ కంటే ముందు నేనే బయల్దేరతాను.